ఫొటో కోసమేనా పిలిచేది?

న్యూజిలాండ్‌లోని సౌత్ ఆక్లండ్‌లో పసిఫిక్ దీవుల కుర్రాళ్ళను ఆరోగ్య ప్రచారంలో కలుపుకోవాలన్న మీ వ్యాసం బాగుంది. కానీ కలుపుకోవడం అంటే ఏమిటో తేల్చి రాయలేదు. నేను ఆ ప్రాంతంలోని మాంగెరెలో ఆరేళ్ళుగా ఉంటున్నాను. రుమాటిక్ జ్వరం ఇక్కడ ఇంకా పోలేదు, ఎక్కువగా ఇక్కడి మూలవాసులైన మావోరీల పిల్లలకు, సమోవా, టోంగా దీవుల కుటుంబాల పిల్లలకే వస్తోంది. స్ట్రెప్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే గొంతునొప్పిని మామూలుదే కదా అని వదిలేస్తే ఈ జ్వరం రావచ్చు, చివరికి గుండె కవాటాలు దెబ్బతినొచ్చు. ఒకసారి వచ్చిందంటే 28 రోజులకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్, అదీ ఏళ్ళ తరబడి.

మా పక్కింటి టోంగా అబ్బాయి ఆ ఇంజెక్షన్లు తీసుకుంటున్నవాడే. చర్చి మెట్ల మీద కూర్చుని ఓ చిన్నవాడికి చెబుతున్నాడు: "ముందు ఐసు పెట్టమను, కాలు బిగపట్టకు." ఈ ముక్క నేను ఏ కరపత్రంలోనూ చూడలేదు!

ఇలాంటివాళ్ళను ప్రచారం ఎలా ఉండాలో ఆలోచించే రోజే కూర్చోబెట్టాలి. అంతా అయ్యాక టీషర్టు ఇచ్చి ఫొటోకి నిలబడమంటే ఎవరొస్తారు? గంటకింత అని డబ్బు కూడా ఇవ్వాలి, బడి అవగానే పనికి పరుగెత్తే పిల్లలున్నారు మరి. పెద్దల్ని దాటేసి వెళ్దామన్నా కుదరదు. పాస్టర్ గారు ఊ అంటేనే ఆదివారం మైకు చేతికొస్తుంది.