గోడ దూకకుండానే ఫిరాయింపు

అమెరికా ప్రతినిధుల సభలో కెంటకీ సభ్యుడు థామస్ మాసీ కోటుకు ఒక చిన్న డిజిటల్ బిళ్ల కనిపిస్తుంది. స్వతహాగా ఇంజినీరు కాబట్టి దాన్ని ఆయనే తయారుచేసుకున్నారు. దేశం అప్పు ఎంతకు చేరిందో అందులో అంకెలు క్షణక్షణం పెరుగుతూ ఉంటాయి. 2025 జులైలో పన్నులు, ఖర్చుల మీద ట్రంప్ తెచ్చిన ‘బిగ్ బ్యూటిఫుల్ బిల్లు’ 218–214 ఓట్లతో గట్టెక్కినప్పుడు వద్దన్న రిపబ్లికన్లు ఇద్దరే. వారిలో మాసీ ఒకరు. ఆ బిల్లు వల్ల పదేళ్లలో లోటు 3.4 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయమే లెక్కగట్టింది. అప్పులు చేయొద్దన్నది రిపబ్లికన్ల పాత పాట. ఒబామా హయాంలో ‘టీ పార్టీ’ అనే ఉద్యమం పేరుతో జనం రోడ్డెక్కిన కారణాల్లో అదొకటి. ఆ పాటే ఇంకా పాడుతున్నందుకు మాసీని ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఓడించి ఇంటికి పంపాలని ట్రంప్ పిలుపునిచ్చారు.

ఇంతకీ ఇద్దరిలో అసలు కన్జర్వేటివ్, అంటే సంప్రదాయవాది, ఎవరు? అక్కడి సంప్రదాయవాదులు కొన్నేళ్లుగా దీని మీదే జుట్లు పట్టుకుంటున్నారు.

ఫిరాయింపుల సంగతి తెలుగువారికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2014–19 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశం కండువా కప్పుకున్నారు. 2019లో తెలంగాణలో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్‌ఎస్‌లో విలీనమయ్యారు. ఇక్కడ నాయకుడు పార్టీ మారతాడు. అమెరికాలో నాయకుడు పార్టీలోనే ఉంటాడు, పార్టీయే సిద్ధాంతం మార్చేస్తుంది. దానితోపాటు మారని వాడికి ద్రోహి అని ముద్ర పడుతుంది.

సంప్రదాయవాద రచయిత విలియం బక్లీ 1955లో ‘నేషనల్ రివ్యూ’ పత్రిక పెట్టినప్పటి నుంచి 1964లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ చిత్తుగా ఓడిపోయి, 1980లో రీగన్ గెలిచేదాకా సంప్రదాయవాదానికి ఒక రూపం ఏర్పడింది. ప్రభుత్వం చిన్నదిగా ఉండాలి, పన్నులు తగ్గాలి, వాణిజ్యానికి అడ్డుగోడలు ఉండకూడదు, పదవిలో ఉన్నవాడికి నడవడిక ముఖ్యం. సుంకాలు చివరికి అందరినీ దెబ్బతీస్తాయని రీగన్ 1987లో రేడియోలో స్వయంగా వివరించారు. 2025లో అదే పార్టీ అధ్యక్షుడు భారత్ సరుకుల మీద 50 శాతం సుంకం వేశారు. పార్టీలో గట్టిగా కాదన్నవారిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అయితే రీగన్ చెప్పిందే వేదమని మేము అనడం లేదు. రిపబ్లికన్లు ఒకప్పుడు సుంకాల పార్టీయే. పాత అధ్యక్షుడు మెకిన్లీ పేరు మోగింది దానితోనే, సుంకాలు పెంచిన 1930 నాటి స్మూట్–హాలీ చట్టమూ వారి పుణ్యమే. పైగా స్వేచ్ఛా వాణిజ్యం పేరు చెప్పి ఒహాయో, పెన్సిల్వేనియా పట్టణాల్లో ఫ్యాక్టరీలు మూతపడుతుంటే పార్టీ పెద్దలు చూస్తూ కూర్చున్నారు. అదే పెద్దలు 2003లో దేశాన్ని ఇరాక్ యుద్ధంలోకి దించారు. ఊరే ఖాళీ అయిపోతుంటే సంప్రదాయం పేరుతో కాపాడేదేమిటని అక్కడి ఓటరు అడిగితే తప్పేముంది? ఆ కోపం నిజమైనదే. దాన్ని పట్టించుకోని పాత నాయకత్వం మీద మాకు జాలి లేదు.

మా అభ్యంతరం మారినందుకు కాదు, మారిన పద్ధతి మీద. బక్లీ తరంలో ఏళ్ల తరబడి వాదోపవాదాలు జరిగాయి, పత్రికల్లో ఉతికి ఆరేసుకున్నారు. 2020 మహాసభలో ఆ పార్టీ కొత్త విధాన పత్రమే రాసుకోలేదు. అధ్యక్షుడి అజెండాను ఉత్సాహంగా సమర్థిస్తూనే ఉంటామని తీర్మానం చేసి చేతులు దులుపుకొంది. 2024లో రాశారు కానీ, అది 16 పేజీలు. 2016 నాటిది అంతకు మూడు రెట్లకు పైనే. విధానం కాగితం మీద లేనప్పుడు ఎవరు దారి తప్పారో తేల్చేది ఒక మనిషి మూడ్.

విచిత్రమేమిటంటే అక్కడ ఫిరాయింపులను అడ్డుకునే మన పదో షెడ్యూల్ లాంటి చట్టం లేదు. విప్ ధిక్కరించినా సభ్యత్వం పోదు. అయినా మన శాసనసభల్లో కనిపించేంత క్రమశిక్షణ కనిపిస్తోందంటే కారణం ప్రైమరీ. చాలా నియోజకవర్గాలు ఏదో ఒక పార్టీకి కంచుకోటలు కాబట్టి అసలు ఎన్నిక నవంబరులో కాదు, అభ్యర్థిని ఎంచుకునే రోజునే అయిపోతుంది. ఆ రోజు వచ్చేది కొద్దిమంది, అదీ పార్టీ వీరాభిమానులు. 2014లో వర్జీనియాలో సభలో మెజారిటీ నాయకుడైన ఎరిక్ కాంటర్‌నే మట్టికరిపించారు. ఏడు లక్షలకు పైగా జనాభా ఉన్న చోట ఆ రోజు పోలైనవి 65 వేల ఓట్లు.

వ్యోమింగ్‌లో లిజ్ చేనీది ఇంకో కథ. మాజీ ఉపాధ్యక్షుడి కూతురు, ట్రంప్ తొలి హయాంలో పది బిల్లుల్లో తొమ్మిదింటికి పైగా ఆయనకే ఓటేసిన మనిషి. పార్లమెంటు భవనమైన కాపిటల్ మీద దాడి తర్వాత 2021 జనవరిలో ట్రంప్ అభిశంసనకు ఓటేశారు. నాలుగు నెలలకే సభలో పార్టీ పదవి పోయింది, మరుసటి ఏడాది ప్రైమరీలో 29 శాతం ఓట్లతో సీటూ పోయింది. అభిశంసనకు ఓటేసిన రిపబ్లికన్లు పది మంది. 2022 ఎన్నికల తర్వాత సభలో మిగిలింది ఇద్దరు. మరోవైపు, 2016లో ట్రంప్‌ను ససేమిరా వద్దన్న జేడీ వాన్స్ ఇప్పుడు ఉపాధ్యక్షుడు. ‘ఆంధ్రా అల్లుడు’ అని మనవాళ్లు మురిసిపోయేది ఆయన్ను చూసే!

ఇదే పార్టీలో 1974 ఆగస్టులో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. గోల్డ్‌వాటర్ మరో ఇద్దరు పార్టీ నాయకులతో కలిసి వైట్‌హౌస్‌కు వెళ్లి, సెనేట్‌లో మీకు ఓట్లు లేవని వాటర్‌గేట్ కుంభకోణంలో చిక్కుకున్న అధ్యక్షుడు నిక్సన్ మొహం మీదే చెప్పారు. రెండు రోజుల్లో నిక్సన్ దిగిపోయారు. గోల్డ్‌వాటర్‌ను అప్పుడు పార్టీ ద్రోహి అని తరిమేయలేదు, అరిజోనా ఓటర్లు అదే ఏడాది మళ్లీ సెనేట్‌కు పంపారు.

డెమోక్రాట్లేమీ కడిగిన ముత్యాలు కాదు. బైడెన్ వయసు గురించి నోరెత్తిన వాళ్లను నెలల తరబడి కసిరారు. 2024 జూన్ 27 నాటి టీవీ చర్చలో ఆయన తడబాటును దేశమంతా చూశాక కానీ కళ్లు తెరవలేదు.

దీనితో మనకేమిటి సంబంధమంటే, డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా మన వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న గొడవా ఇదే. తక్కువ పన్నులు, కుటుంబ విలువలు, సొంత కష్టం మీద పైకి రావడం అంటూ రిపబ్లికన్లను ఇష్టపడిన తెలుగువారు తక్కువేమీ కాదు. 2024 డిసెంబరులో హెచ్–1బీ వీసాలు కావాలని మస్క్, వివేక్ రామస్వామి ఒకవైపు, వద్దని ట్రంప్ వీరాభిమానులు మరోవైపు తిట్టుకుంటుంటే వీళ్లకు టెన్షన్ మొదలైంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్–1బీ దరఖాస్తు మీద లక్ష డాలర్ల రుసుము వచ్చిపడింది. మార్కెట్‌ను నమ్మే పార్టీ ఇలా ఎలా చేస్తుందని గ్రూపులో అడిగినవాడికి దక్కిన జవాబు, నువ్వు డెమోక్రాట్ ఏజెంట్‌వా అని.

అలిగి గ్రూపులోంచి బయటికి పోతే ఒరిగేదేమీ లేదు. పౌరసత్వం ఉన్న మనవాళ్లు నవంబరు దాకా ఆగకుండా ప్రైమరీలో ఓటేయాలి. టెక్సాస్‌లో పార్టీ పేరు నమోదు చేసుకోవాల్సిన పనే లేదు, ఏదో ఒక పార్టీ ప్రైమరీని ఎంచుకుంటే చాలు. అది మార్చిలోనే జరుగుతుంది. న్యూజెర్సీలో జూన్‌లో, ఏ పార్టీలోనూ లేనివారు ఆ రోజు పోలింగ్ కేంద్రంలోనే పార్టీ చెప్పి ఓటేయొచ్చు.