ఆన్‌లైన్ క్విజ్ టైమరు వారికి ఒక తెలుగు పంతులు విన్నపం

మహారాజశ్రీ టైమరు గారి దివ్యసముఖమునకు, హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పుకుని బతికే ఒక పంతులు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి.

తమరు మా తరగతిలో అడుగుపెట్టాక వెనక బెంచీల్లో కునుకులు తగ్గాయన్న మాట నిజం. గురులఘువుల అభ్యాసంలో కూడా తమకు వంక పెట్టలేను. 'శంఖచక్ర'లో 'క్ర'కు ముందున్న 'చ' గురువవుతుందని నేను బల్ల గుద్ది చెబితే చెవికెక్కనిది, తమరు ఒక్కసారి ఎర్రగా మెరిస్తే ఎక్కింది. గణాల లెక్కకు జవాబు ఒకటే గనుక అక్కడ తమ తొందర చెల్లుతుంది.

చిక్కల్లా గజేంద్రమోక్షం దగ్గర వచ్చింది. ఏనుగు మొర విన్న విష్ణువు సిరికి చెప్పడు, శంఖచక్రాలు చేత పట్టడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయడు, చెవి మీదికి జారిన జుట్టు సవరించుకోడు, చివరికి ప్రణయకలహంలో పట్టుకున్న లక్ష్మీదేవి పైటచెంగైనా వదలడు. పోతన ఇన్ని 'చేయడు'లనూ పాదానికి 20 అక్షరాల మత్తేభంలో, నాలుగే పాదాల్లో ఇమిడ్చాడు. ఆ దేవుడి తొందర తెలియాలంటే చదివేవాడికి తొందర ఉండకూడదు. తమరు దయతో అనుగ్రహించినది 20 సెకన్లు. "విష్ణువు ఎవరికి చెప్పకుండా బయలుదేరాడు?" అని ప్రశ్న, కింద నాలుగు రంగుల డబ్బాల్లో సిరి, గరుడుడు, నారదుడు, గజేంద్రుడు. ముందు నొక్కినవాడికి ఎక్కువ పాయింట్లు గనుక పద్యం చదవడం శుద్ధ దండగని మావాళ్లు రెండో ప్రశ్నకల్లా గ్రహించారు. ఆ పూట మొదటి స్థానం 'మొసలి' అనే మారుపేరుతో ఆడిన కుర్రవాడికి దక్కింది. పోతన ఏం రాస్తేనేం, తమ కొలువులో మొసలే గెలిచింది.

పద్యం ఏ వృత్తమో రాయమంటే ఒక అమ్మాయి 'మత్తేభము' అని టైపు చేసింది. జవాబుల పెట్టెలో 'మత్తేభం' అని ఉన్నందున తప్పన్నారు. సున్నాకూ ముకారానికీ ఉన్న చుట్టరికం తమ దాకా రాలేదు కాబోలు.

పైగా 'ఇంటరాక్టివ్' అనే బిరుదు తమ సొంతమన్నట్టు ప్రచారం ఒకటి! అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవారు, ఒక్క మనిషిని చుట్టుముట్టి ఒకరు పద్యంగా పూరించమని ఒక పాదాన్ని సమస్యగా ఇస్తారు, ఒకరు పద్యంలో ఇమడ్చమని కొన్ని పదాలను దత్తపదిగా ఇస్తారు, ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు, ఇంకొకరు పనిగట్టుకుని అప్రస్తుతం మాట్లాడతారు. ఇంతకంటే ఇంటరాక్టివ్ ఏముంటుంది? అక్కడా గంట మోగుతుంది గానీ, అది ఎన్నిసార్లు మోగిందో గుర్తుంచుకోవాల్సిన అవధాని ధారణకు పరీక్షే తప్ప పద్యం ఆపమని హుకుం కాదు.

అందుచేత తమకు తగిన కొలువు ఒకటి చూశాను. వచ్చే వారం తొమ్మిదో తరగతికి ఆటవెలదిలో ఒక సమస్య ఇస్తున్నాను. పిల్లలంతా ఆన్‌లైన్‌లో ఒకే పత్రం తెరిచి తలా ఒక పూరణ రాస్తారు, ఒకరి పూరణ కింద ఇంకొకరు తప్పొప్పులు చెబుతారు. తమరు పక్కన కూర్చుని ఇష్టం వచ్చినన్ని గంటలు కొట్టుకోవచ్చు. ఎన్ని కొట్టారో లెక్కపెట్టే పని 'మొసలి'కే అప్పగిస్తాను. అయితే, సరైన జవాబు ఏదో ముందే చెప్పమని పట్టుబట్టే అలవాటును మాత్రం ఆ పీరియడు వరకు కట్టిపెట్టాలి. హరి సిరికి ఎందుకు చెప్పలేదన్న ప్రశ్నను నిన్న చేర్చబోతే, నాలుగింటిలో ఒకదానికి టిక్కు పెట్టనిదే భద్రపరచనని మొండికేశారు. ఇన్నేళ్లుగా ఆ పాఠం చెబుతున్నా, ఆ టిక్కు ఎక్కడ పెట్టాలో నాకింకా తేలలేదు.

చిత్తగించవలెను.