సవరణ: పాల ప్రొటీన్లు కొవ్వు పొరకు ఎప్పుడు అతుక్కుంటాయి?

‘పాల ప్రొటీన్లు కొవ్వు బిందువుల పొరకు అతుక్కుని ఉంటాయి’ అని గత పోస్టులో ఉంది. అది అప్పుడే పితికిన పాలకు వర్తించదు. వాటిలో ప్రతి బిందువు చుట్టూ ఫాస్ఫోలిపిడ్లు (ఫాస్ఫేట్ ఉన్న కొవ్వు పదార్థాలు), సొంత ప్రొటీన్లు ఉన్న మూడు వరసల పొర ఉంటుంది. పాలలోని ప్రధాన ప్రొటీన్ అయిన కేసీన్‌కు అక్కడ పెద్దగా చోటు లేదు. హోమోజెనైజ్ చేస్తే, అంటే పాలను ఎక్కువ ఒత్తిడితో సన్నటి సందుల గుండా పంపితే, బిందువులు 1 మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవిగా పగులుతాయి. పాత పొర చాలక, ఖాళీలను కేసీన్ కప్పుతుంది.

వేడి సంగతి వేరు. సుమారు 70 డిగ్రీలు దాటితే బీటా-లాక్టోగ్లోబులిన్ అనే పాల విరుగుడు ప్రొటీన్ మడతలు విచ్చుకుని, పొరలోని ప్రొటీన్లతో గంధకపు బంధం వేసుకుంటుంది, కొవ్వుతో కాదు. నేరుగా లిపిడ్లలోకి (కొవ్వు పదార్థాల్లోకి) దూరేది ఆల్ఫా-లాక్టాల్బుమిన్ అనే మరో విరుగుడు ప్రొటీన్. అదీ ఆమ్లంలో కాల్షియం పోగొట్టుకుని వదులయ్యాక, రుణావేశం ఉన్న పొరల్లోకే ఎక్కువగా.