డబ్బులు మాత్రం ఇవ్వొచ్చట!
గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌ని అమ్మక్కర్లేదని అమెరికా కోర్టు తీర్పు రావడం ఆ కంపెనీ గెలుపని మీ వ్యాసంలో రాశారు, సరే, కానీ పక్కనే కూర్చుని లాభపడింది యాపిల్ కదండీ, దాని గురించి ఒక్క ముక్కతో సరిపెట్టేశారేంటి? ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చే ముందుగా ఉండడానికి గూగుల్ 2021లో యాపిల్‌తో సహా అందరికీ కలిపి కట్టింది 2,630 కోట్ల డాలర్లు. కోర్టులో బయటపడ్డ లెక్కే ఇది. అది అక్రమ గుత్తాధిపత్యమని 2024 ఆగస్టులో తేల్చిన జడ్జి అమిత్ మెహతాయే, తీరా 2025 సెప్టెంబరుకి వచ్చేసరికి, వేరే సెర్చ్ పెట్టొద్దనే షరతుతో ఒప్పందాలు కుదరవు గానీ డబ్బులు మాత్రం ఇచ్చుకోవచ్చన్నారు! సెట్టింగ్స్‌లోకి వెళ్లి సెర్చ్ మార్చుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు, మా ఇంట్లో అయితే ఒక్కరూ లేరు. పోటీ కంపెనీలకు కొంత సెర్చ్ డేటా ఇవ్వాలన్న ఆదేశం ఒక్కటే కాస్త పనికొచ్చేది, మీరు దాన్నే వదిలేశారు.