జాతి పేరుతో అమ్మేవారికి ఆ కుక్క శరీరం తెలిసి ఉండాలి

ఒకే జాతి కుక్కలను పెంచేవారు ఆన్‌లైన్‌లో ఒకచోట చేరారంటే దాని వెనక చాలాసార్లు ఒక కష్టం ఉంటుంది. డాష్‌హండ్‌కు వెన్నుపూసల మధ్య డిస్క్ జారి వెనక కాళ్లు పట్టు తప్పినప్పుడు, ఫ్రెంచ్ బుల్‌డాగ్ కాస్త ఎండకే ఊపిరాడక రొప్పుతున్నప్పుడు, డాల్మేషియన్‌కు మూత్రాశయంలో యూరేట్ రాళ్లు ఏర్పడినప్పుడు, అదే బాధ పడిన మరొకరి మాట కోసం వెతుక్కుంటూ వచ్చినవారే ఆ గ్రూపుల్లో ఎక్కువ. అక్కడికి వస్తువులు అమ్ముకోవడానికి వచ్చే వ్యాపారులు ముందుగా ఈ సంగతి గుర్తించాలని నా అభిప్రాయం. భయపడుతున్న మనిషి ధర చూడడు, డబ్బా తిప్పి లేబుల్ చదవడు, ఆశ చూపించినవారిని నమ్ముతాడు.

జాతిని దృష్టిలో పెట్టుకుని వస్తువులు తయారుచేయడాన్ని నేను తప్పుపట్టడం లేదు. గ్రేహౌండ్‌కు తలకంటే మెడ లావుగా ఉంటుంది కాబట్టి అది బెదిరి వెనక్కి గుంజుకుంటే మామూలు కాలర్ తల మీదుగా జారి వచ్చేస్తుంది. మార్టింగేల్ కాలర్ అయితే గుంజినప్పుడు కొంతవరకే బిగుసుకుని, గొంతు నొక్కకుండా, కుక్కను రోడ్డు మీదికి పోనివ్వకుండా ఆపుతుంది. కాకర్ స్పానియల్ చెవులు నీళ్లలో నానకుండా మూతి సన్నగా, అడుగు వెడల్పుగా చేసిన గిన్నె కూడా అలాంటిదే. ఎవరో ఒకరు ఆ కుక్కను దగ్గరగా చూసి, కొలతలు తీసుకుని, దాని ఇబ్బంది తీర్చడానికి వాటిని చేశారు. అలాంటి వస్తువు గురించి గ్రూపులో చెప్పడం సభ్యులకు మేలు చేసినట్టే.

నన్ను బాధపెడుతున్నది రెండో రకం వ్యాపారం. ఒక కంపెనీ కీళ్ల నొప్పులకని అమ్మే పొడి డబ్బాలు రెండింటిని పక్కపక్కన పెట్టి చూశాను. ఒకదాని మీద లాబ్రడార్ బొమ్మ, మరొకదాని మీద జర్మన్ షెపర్డ్ బొమ్మ ఉన్నాయి. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ మొదలుకొని చివరి పదార్థం వరకూ రెండు జాబితాలూ ఒకటే, మోతాదులో ఒక్క మిల్లీగ్రాము కూడా తేడా లేదు. అయినా ప్రతి గ్రూపులోనూ ఆ పొడిని ‘మీ జాతి కోసమే ప్రత్యేకంగా రూపొందించినది’ అని ప్రచారం చేస్తున్నారు. దీన్ని నేను మోసమనే అంటాను.

ఇంతకంటే ప్రమాదకరమైన ఉదాహరణ గ్రేట్ డేన్ యజమానులకు అమ్మే ఎత్తు గిన్నెలది. లోతైన ఛాతీ ఉన్న ఈ జాతికి కడుపు ఉబ్బి మెలితిరిగే జబ్బు ఎక్కువగా వస్తుంది. సమయానికి ఆపరేషన్ జరగకపోతే ప్రాణం పోతుంది. గిన్నెను ఎత్తులో పెడితే ఈ జబ్బు రాదన్న మాట గ్రూపుల్లో చాలాకాలంగా తిరుగుతోంది, అమ్మకందారులు దాన్నే ప్రకటనగా మార్చుకున్నారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు పెద్ద, భారీ జాతులకు చెందిన 1,637 కుక్కలను కొన్నేళ్లపాటు గమనించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఎత్తు గిన్నెలో తినే కుక్కలకే ఆ ముప్పు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. తరువాతి అధ్యయనాలన్నీ దానితో ఏకీభవించలేదన్నది నిజమే. అయితే మేలు చేస్తుందో కీడు చేస్తుందో తేలని వస్తువును ప్రాణరక్షణ సాధనమని చెప్పి అమ్మే హక్కు ఎవరికీ లేదు.

మారువేషంలో వచ్చే ప్రకటనల గురించి కూడా చెప్పాలి. తన డాష్‌హండ్ సాయంత్రం నుంచి వెనక కాళ్లు ఈడుస్తోందని ఒకరు రాత్రివేళ కంగారుగా రాస్తారు. కాసేపటికే ఒక ‘తోటి సభ్యుడు’ ప్రత్యక్షమై, మా వాడికీ ఇలాగే అయిందండీ, ఈ చుక్కలు వేశాక వారంలో పరుగెత్తాడు అని రాసి, లింకు ఇన్‌బాక్స్‌లో పంపుతాడు. కాళ్లలో స్పర్శ పోతున్న కుక్కకు గంటలు కూడా విలువైనవే. ఆ రాత్రే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళితే నిలబడగలిగే కుక్క, చుక్కల సీసా వచ్చేదాకా ఎదురుచూస్తే జీవితాంతం నడవలేకపోవచ్చు. ఆ లింకు మీద తనకు కమీషన్ వస్తుందన్న ఒక్క వాక్యం రాసి ఉంటే, చదివినవారు ఆ సలహాను ఎంతవరకు నమ్మాలో వారే నిర్ణయించుకునేవారు. ఉచిత నమూనాలు పుచ్చుకుని పొగిడే అడ్మిన్లకూ ఇదే వర్తిస్తుంది.

ఈ గ్రూపుల్లో ఉన్నవారిని అమాయకులనుకోవడం కూడా పొరపాటే. కోలీ జాతిలో చాలా కుక్కలకు ఎండీఆర్1 అనే జన్యువులో లోపం ఉంటుందనీ, దానివల్ల ఐవర్‌మెక్టిన్ అనే పరాన్నజీవుల మందు ఎక్కువ మోతాదులో ఇస్తే నాడులు దెబ్బతింటాయనీ ఆ జాతిని పెంచే సామాన్య గృహస్థులు కూడా చెప్పగలరు. వారికి మందు అమ్మడానికి వచ్చినవారు, ఆ లోపం ఉన్న కుక్కకు తమ మందు సురక్షితమేనా అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే వెళ్లిపోవలసిందే.

అసలు పేరుతో వచ్చి, ఏ పదార్థం ఎంత ఉందో రాసి, ఆ జాతిలో ఏ ఇబ్బందికి అది ఎలా పనికొస్తుందో చూపించి, ‘మా కుక్కకు ఇది పడలేదు’ అని ఎవరైనా రాస్తే ఆ వ్యాఖ్యను తీసేయమని అడ్మిన్లను అడగని వ్యాపారికి గ్రూపులో చోటివ్వాలని నేనే వాదిస్తాను.