పిల్లలకు డిప్రెషన్ ఏంటంటున్న ఆ మెసేజ్ గురించి

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఒకటే మెసేజ్. బంధువుల గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, నిన్న మా స్కూలు బ్యాచ్ గ్రూపులో కూడా, "ప్రతి తల్లీ తండ్రీ చదవాలి" అని పైన దండం బొమ్మలతో. అందులో ఉన్నదిదీ: పిల్లలకు డిప్రెషన్ ఉండదు, ఫోన్ లాక్కుంటే సర్దుకుంటారు; సైకియాట్రిస్టుకు చూపిస్తే రికార్డులకెక్కి పెళ్లి కాదు, వీసా రాదు; మందులు మొదలెడితే జీవితాంతం వాడాలి, పైగా చావు ఆలోచనలు వాటివల్లే వస్తాయి; చచ్చిపోతానని అనేవాళ్లు ఉత్తినే బెదిరిస్తారు, ఆ మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టే. చివర్లో రోజూ బాదం పాలట. తాగించండి, బాదం మీద నాకేం పగ లేదు.

రాత్రి రెండింటిదాకా రీల్స్ చూస్తే నిద్ర చెడుతుంది, ఫోన్ తీసేసుకోండి, కాదనను. కానీ వారాల తరబడి సరిగ్గా తినక, స్నేహితులతో మాట్లాడక, ఇష్టమైన క్రికెట్ కూడా మానేసి, సరిగ్గా కాలేజీ టైముకే కడుపునొప్పి అంటున్న పిల్లాడికి ఫోన్ లాక్కుంటే ఏం తగ్గుతుందో రాసినాయన చెప్పలేదు.

వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చెబుతోంది. తొమ్మిదో తరగతి పిల్ల పెళ్లి సంబంధాల గురించి ఇప్పుడే టెన్షన్ పడేవాళ్లకు చెప్పడానికి నా దగ్గరేం లేదు.

మందుల విషయంలో మాత్రం మెసేజ్ పూర్తిగా అబద్ధం కాదు. పిల్లలకిచ్చే డిప్రెషన్ మందుల మీద 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గట్టి హెచ్చరికే పెట్టింది. ఆ మందుల్ని పిల్లలమీద పరీక్షించిన ప్రయోగాల్లో, మందు వేసుకున్నవాళ్లలో దాదాపు 4 శాతం మందికి, మందు లేని మాత్ర వేసుకున్నవాళ్లలో 2 శాతం మందికి చావు ఆలోచనలో ప్రయత్నాలో కనిపించాయి. చనిపోయినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. అందుకే మొదటి వారాల్లో డాక్టర్లు వెంటవెంటనే రమ్మంటారు, మనవాళ్లేమో రెండోసారి వెళ్లరు, కాస్త నవ్వగానే మాత్రలు ఆపేస్తారు. ఇక జీవితాంతం అన్నది రాసినవాళ్ల సొంత కవిత్వం. చాలామంది పిల్లలకు కౌన్సెలింగ్‌తోనే మొదలుపెడతారు.

ఆ బెదిరింపు మాట దగ్గరే నాకు ఒళ్లు మండింది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు, అది చూసిన ఊళ్లలోనే ఇది ఫార్వర్డ్ అవుతోంది. చచ్చిపోవాలనుందని పిల్ల అంటే అది బెదిరింపో కాదో తేల్చడానికి మీరెవరు, జడ్జిగారా? నేరుగా అడిగితే ఆ ఆలోచన పుట్టదు, దీని మీద పరిశోధనలు జరిగాయి, అడిగించుకున్న చాలామందికి కాస్త ఊరటే దక్కుతుంది. అడిగే తీరు ముఖ్యం. "పిచ్చి ఆలోచనలేం చేయట్లేదు కదా?" అంటే లేదనే అంటారు, ఆ జవాబు మీరే నోటికందించారు. "చనిపోవాలని అనిపిస్తోందా?" అనండి. అవునంటే అరవకండి, దేవుడి మీద ఒట్టేయించుకోకండి, ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు, మాత్రల డబ్బాలు అందకుండా తాళం వేయండి. ప్రమాదం అనిపిస్తే అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

డబ్బు ఖర్చంటారా? మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ లైను, టెలీ మానస్ 14416 అని, 2022 అక్టోబరు నుంచి ఉంది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖలో ప్రభుత్వ మానసిక ఆస్పత్రులున్నాయి. పిల్లాడు రానని మొండికేస్తే ముందు మీరే 14416కి ఫోన్ చేసి, ఏం గమనించారో చెప్పి, వాడితో మాట ఎలా మొదలుపెట్టాలో అడగండి.