రాత్రి తొమ్మిదింటి కుటుంబ ప్రార్థన గారికి

మహారాజశ్రీ కుటుంబ ప్రార్థన గారికి గుంటూరు నుంచి ఒక ఇల్లాలు ప్రభువు నామమున వందనాలు చెప్పి రాసుకుంటున్న మనవి.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం గురించే కొన్నాళ్లుగా బెంగగా ఉంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు చాప నేను పరుస్తానంటే నేను పరుస్తానని కొట్టుకునేవాళ్లు. ఇప్పుడు అబ్బాయి ఇంటర్ ఫస్టియర్, అమ్మాయి పదో తరగతి. మీరు వచ్చే వేళకి ఒకరికి రికార్డు రాయాలని గుర్తొస్తుంది, ఇంకొకరికి కడుపునొప్పి వస్తుంది. సాయంత్రమంతా ఫోను వదలని పిల్లాడికి, సరిగ్గా మీరు గుమ్మం ఎక్కేటప్పటికి ఫిజిక్స్ మీద అంత భక్తి ఎక్కణ్ణించి పుట్టుకొస్తుందో నాకు అంతుపట్టదు.

మా హాల్లో ‘నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము’ అన్న ఫ్రేము ఉంది. మా బంధువుల ఇళ్లలో అది లేని గోడ నేను చూళ్లేదు. యెహోషువ ఆ మాట అన్నాడు సరే, ఆయన యింటివారు ఏమన్నారో మాత్రం ఎక్కడా రాయలేదు. పదహారేళ్ల పిల్లలుండే ఉంటారు.

ముందు పాట. అత్తయ్య ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు తీస్తారు. ఒక్కో కీర్తన మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి లాంటి పెద్దలు అంత శ్రద్ధగా కట్టిన కీర్తనలకి మా ఇంట్లో రాగం ఒకటే, అత్తయ్యది. తాళం మా ఆయనది. రెండూ ఎప్పుడైనా మూడో చరణం దగ్గర కలుస్తాయి. గిటారు తెస్తానని అబ్బాయి అంటే ‘అది లోకం రా’ అన్నారు. గుడిలో డ్రమ్ములూ కీబోర్డూ మోగితే ఆరాధనట, హాల్లో గిటారు మోగితే లోకమట.

తర్వాత వాక్యం. తలా ఒక వచనం. పిల్లలిద్దరికీ మీ పుణ్యమా అని లెక్కలు బాగా వచ్చాయి. అధ్యాయం పేరు చెప్పగానే తమ వంతుకి ఏ వచనం వస్తుందో, అది ఎన్ని లైన్లో వేళ్ల మీద తేల్చేస్తారు. బైబిల్లో ఏ కీర్తన చదువుదామని అడిగితే అబ్బాయి ఎప్పుడూ 117 అంటాడు, రెండే వచనాలు. దాంతో మా ఆయనకి ఒళ్లు మండి 119 తీశారు, 176 వచనాలు. అది ఎనిమిదేసి వచనాల చొప్పున 22 ముక్కలుగా ఉందని అమ్మాయి కనిపెట్టి, రోజుకో ముక్కకి బేరం కుదిర్చింది. లాయరవుతుంది ఆ పిల్ల. 136 మాత్రం ఇద్దరికీ ఇష్టమే. 26 వచనాల్లోనూ సగం ‘ఆయన కృప నిరంతరముండును’ కాబట్టి కళ్లు మూసుకుని అయినా లాగించేయొచ్చు.

మా ఆయనకి ఇష్టమైనది బైబిల్లోని సామెతల గ్రంథం. 31 అధ్యాయాలు, తేదీకొకటి. అందుకని ఆరో తేదీన ‘సోమరీ, చీమలయొద్దకు వెళ్లుము’ అనిపించుకోవాలనీ, 13వ తేదీన బెత్తం వస్తుందనీ పిల్లలకి ముందే తెలుసు. ఆ రెండు రోజులూ స్పెషల్ క్లాసులుంటాయి. నన్ను అడగరు గానీ, 31వ తేదీన చీకటితోనే లేచి ఇంటివారికి భోజనం సిద్ధం చేసే గుణవతి వస్తుంది. ఆ తేదీ లేని నెలలు ఏడాదికి ఐదున్నాయి, దేవుడు చల్లగా చూడాలి. సామెతలయ్యాక ప్రసంగి, ప్రసంగి అయ్యాక యెషయా. మధ్యలో ఉండే ప్రేమపాటల పుస్తకం పరమగీతం ఏమైందని అమ్మాయి అడిగితే పేజీలు అతుక్కుపోయాయన్నారు.

ఇవన్నీ సరదా సంగతులు. నా అసలు ఫిర్యాదు తలలు వంచాక మొదలవుతుంది. ‘ప్రభువా, రాత్రి పన్నెండయినా దుప్పటి కింద వెలుగుతున్న ఆ ఫోనును నీవు చూచుచున్నావు తండ్రీ’ అని మా ఆయన గొంతు సవరించుకుంటారు. దేవుడికి తెలియని సంగతి కాదది. ఎవరికి వినిపించాలో వాడు ఒక కన్ను తెరిచి నావంక చూస్తాడు. యూనిట్ టెస్టు మార్కులు, జుట్టు కత్తిరింపు, పక్క వీధి స్నేహాలు, అన్నీ వరసగా పైకి నివేదించబడతాయి. ముద్దాయికి వకీలు ఉండడు, కళ్లు తెరవకూడదు, ఆఖర్న తన మీద పడిన తీర్పుకి తనే ఆమెన్ అనాలి. అయ్యా, ఎదురుగా కూర్చోబెట్టి రెండు ముక్కలు అడగడానికి మొహమాటపడే మనుషులు మిమ్మల్ని అడ్డం పెట్టుకుంటుంటే మీరెలా ఊరుకుంటున్నారు?

పైగా ‘చివరిగా ప్రభువా’ అన్నాక అమెరికాలో మా మరిది వీసా, గుడి స్లాబు, దేశ పాలకులు మిగిలే ఉంటారు. పిల్లల వంతు మాత్రం ఐదేళ్ల వయసులో నేర్చుకున్నదే, ఊపిరి తీసుకోకుండా: ‘ఈ దినమంతా కాపాడినందుకు స్తోత్రం, మంచి నిద్రనివ్వు, యేసు నామమున అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ ఆమెన్.’ ఏం చేస్తారు? మనసులో మాట పైకి అంటే రేపటి ప్రార్థనలో అది సాక్ష్యంగా వస్తుందని వాళ్లకి తెలుసు.

బైబిల్లో ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయంలో పిల్లలు తల్లిదండ్రులకి లోబడాలన్న మొదటి వచనం మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ‘తండ్రులారా, మీ పిల్లలకు కోపము రేపక’ అన్న నాలుగో వచనం ఇంకెంతో దూరం లేదు. కానీ మా ఆయన మూడో వచనం దగ్గరే బైబిలు మూసి ‘ప్రార్థన చేసుకుందాం’ అంటారు. ఐతుకు కథా అంతే, సగంలోనే ఆగుతుంది. అపొస్తలుడు పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే ఆ కుర్రాడు కునికి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. పౌలు దిగివెళ్లి కౌగిలించుకున్నాడు. ఎందుకు నిద్రపోయావని గద్దించినట్టు ఎక్కడా లేదు. తర్వాత మళ్లీ పైకెళ్లి తెల్లారేదాకా మాట్లాడాడనుకోండి.

మీ వంశావళి నాకు కొంచెం తెలుసు. మాది లూథరన్ కుటుంబం. 1529లో మార్టిన్ లూథర్ చిన్న ప్రశ్నోత్తరి రాసి, ఇంటి యజమాని దీన్ని ఇంటివారికి ఇలా నేర్పాలని చెప్పాడు. అందులో అడుగడుక్కీ ‘దీని అర్థమేమిటి?’ అన్న ప్రశ్న వస్తుంది. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చారు, ఆయనతో పాటు ఆ పద్ధతీ వచ్చే ఉంటుంది. దార్లో ఎక్కడ పోయిందో గానీ, మా ఇంటి దాకా వచ్చేసరికి ప్రశ్న జారిపోయి జవాబులే మిగిలాయి.

మొన్న మాత్రం ఒకటి జరిగింది. న్యాయాధిపతులు 11. యుద్ధం గెలిచొస్తే ఇంటి గుమ్మంలోంచి ఎదురొచ్చినదాన్ని దహనబలి ఇస్తానని యెఫ్తా మొక్కుకున్నాడు. తంబురతో నాట్యం చేస్తూ కూతురే ఎదురొచ్చింది. అమ్మాయి చదవడం ఆపేసి, ‘మొక్కింది ఆయన కదా నాన్నా, ఆమె ఎందుకు చావాలి?’ అంది. మా ఆయన కళ్లద్దాలు తుడుచుకుని ‘అది పాత నిబంధన కాలమమ్మా’ అన్నారు. అది జవాబు కాదని ఆయనకీ తెలుసు. అప్పుడు అత్తయ్య కుర్చీలోంచి, ‘నాకూ పెళ్లికి ముందు నుంచీ అదే సందేహం తల్లీ. అడిగితే మా నాయన చంపేస్తాడని అడగలేదు’ అన్నారు.

ఇంకేముంది, రోజూ ప్రార్థనలో చీవాట్లు తినే ఆ ఫోనులోనే వెతికి అబ్బాయి లేవీయకాండం 27 బయటికి తీశాడు. మొక్కుకున్న మనిషికి వెల కట్టి విడిపించుకోవచ్చట. ఐదేళ్ల నుంచి ఇరవై లోపు ఆడపిల్లకి పది తులాల వెండి. ‘ఆ మాత్రం కట్టలేకపోయాడా ఈయన?’ అని వాడు. ‘పదేనా? మగపిల్లాడికి ఎంత?’ అని అమ్మాయి. ఇరవై అని తేలాక ఇంకో గొడవ. యెఫ్తా నిజంగా చంపాడా, లేక ఆమె పెళ్లి లేకుండా ఉండిపోయిందా అని పండితుల్లోనే రెండు మాటలున్నాయని మా ఆయన అందుకున్నారు. పదిన్నర దాటింది. కడుపునొప్పులేవీ రాలేదు. ముగింపు ప్రార్థన చిన్నదిగా అయింది, ఎవరి మార్కులూ పైకి వెళ్లలేదు.

కాబట్టి అయ్యా, మిమ్మల్ని రావద్దనడం లేదు. మేం ఐదుగురం ఒక్కచోట కూర్చునేది మీ వల్లనే. వచ్చేటప్పుడు ఆ ప్రశ్నని కూడా వెంటబెట్టుకు రండి. మా ఆయన తరఫున ఫిర్యాదులు మోసే పని మాత్రం మానుకోండి.

ఇట్లు,
చాప చివర కూర్చునే ఇల్లాలు

తా.క.: రేపటి భాగం న్యాయాధిపతులు 12. ఒక్క మాట సరిగ్గా పలకలేక 42,000 మంది ప్రాణాలు పోగొట్టుకున్న అధ్యాయం. చదివే వంతు ఇంగ్లీషు మీడియం అబ్బాయిది. ఒత్తులు దిద్దడానికి మధ్యలో లేవొద్దని మా ఆయనకి మీరే ఒక మాట చెప్పండి.